ఎవరో చూస్తున్నారన్న భయం: నిఘా, గోప్యత, మన బాధ్యత



కొన్నేళ్ల కిందట రంజాన్ మాసంలో బియ్యం, నూనె, సేమ్యా, ఖర్జూరాల సంచులు పంచుతూ, అలవాటు ప్రకారం అందుకున్న ప్రతివారి ఫోటో తీశాం. ఆ ఫోటోలు దాతల వాట్సాప్ గ్రూపులో పెట్టాం. అక్కడి నుంచి అవి ఎన్ని ఫోన్లకు చేరాయో మాకు తెలియదు. మరుసటి ఏడాది జాబితాలో పేరు ఉన్నా ఒక తల్లి సంచి తీసుకోవడానికి రాలేదు. ఆరోగ్యం బాగాలేదేమోనని ఇంటికి వెళ్లి అడిగాం. ఆమె మమ్మల్ని కూర్చోబెట్టి, టీ ఇచ్చి, నెమ్మదిగా చెప్పింది: “పోయినేడు ఫోటో మా అమ్మాయిని చూసుకోవడానికి వచ్చినవాళ్ల ఫోన్లో ఉంది సార్. వాళ్లేమీ అనలేదు. మళ్లీ రాలేదు, అంతే.”

ఆమెకు అపకారం చేయాలని ఎవరూ అనుకోలేదు. ఫోటో తీసినవారు లెక్క చూపడానికి తీశారు. పంపినవారు సంతోషంతో పంపారు. అయినా ఆమె ఆకలిని దాచుకోవడమే మేలనుకుంది. మనిషిని చూడటం, ఆ చూపును భద్రపరచడం, దాన్ని పదిమందికి పంచడం అతని నడవడికను ఎలా మారుస్తాయో అప్పటి నుంచి ఆలోచిస్తూ వచ్చాం. ముప్పై ఏళ్ల ఉపాధ్యాయ వృత్తిలో గమనించినది, చదివినది కలిపి ఈ సంచిక ద్వారా మీ ముందు ఉంచుతున్నాం.

నిఘా అంతా చెడ్డదేనా?

నిఘా అనగానే మనకు పోలీసులు, గూఢచారులు గుర్తొస్తారు. ఈనాడు నిఘా అంతకంటే చాలా విశాలమైనది. వీధి మలుపులో సీసీ కెమెరా, మనం ఎక్కడున్నామో గుర్తుపెట్టుకునే ఫోన్, ఏం కొన్నామో రాసుకునే చెల్లింపు యాప్, ప్రతి దరఖాస్తుకూ జతచేసే ఆధార్ జిరాక్సు, ఇవన్నీ నిఘాలో భాగాలే. ఒక వ్యక్తి గురించిన వివరాలను సేకరించి, దాచి, ఆ వివరాలతో అతని మీద నిర్ణయాలు తీసుకునే ప్రతి ఏర్పాటూ నిఘాయే.

అందువల్ల మేలు లేదని మేము అనడం లేదు. నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గాలో రొట్టెల పండుగకు లక్షలాది మంది వస్తారు. మతభేదం లేకుండా రొట్టెలు మార్చుకుంటారు. అంత జనంలో తప్పిపోయిన బిడ్డను వెతకడానికి, తొక్కిసలాట జరగకుండా చూడటానికి కెమెరాలు పనికొస్తాయి. 2008 నవంబరులో ముంబైపై సముద్ర మార్గాన వచ్చి దాడి చేసిన తరువాత, తీరప్రాంత మత్స్యకారులకు బయోమెట్రిక్ గుర్తింపు కార్డులు ఇచ్చే పథకం వచ్చింది. మన తీరంలో వేటకు వెళ్లేవారు కూడా ఆ మార్పును చూశారు. తుపాను వేళ పడవ ఎక్కడుందో తెలిస్తే ప్రాణాలు దక్కుతాయి.

కాబట్టి కెమెరా ఉండాలా వద్దా అన్నది ఒక్కటే ప్రశ్న కాదు. ఎందుకు చూస్తున్నారు, చూసినదాన్ని ఎంతకాలం దాస్తారు, ఎవరికి చూపిస్తారు, చూడబడిన మనిషి అడిగితే జవాబు చెప్పేవారు ఉన్నారా అన్నవి అసలు ప్రశ్నలు.

చూపు మనిషిని ఎలా మారుస్తుంది?

18వ శతాబ్దం చివర ఇంగ్లండుకు చెందిన జెరెమీ బెంథామ్ ఒక జైలు నమూనా తయారుచేశాడు. దాని పేరు పనాప్టికాన్. గుండ్రంగా గదులు, మధ్యలో ఒక బురుజు. బురుజులోని కావలివాడికి అన్ని గదులూ కనిపిస్తాయి, గదుల్లోని ఖైదీలకు మాత్రం కావలివాడు కనిపించడు. అతను చూస్తున్నాడో లేదో తెలియదు గనుక ప్రతి ఖైదీ ఎప్పుడూ చూస్తున్నట్లే నడుచుకుంటాడు. చివరికి బురుజులో ఎవరూ లేకపోయినా పని జరిగిపోతుంది. ఫ్రెంచి ఆలోచనాపరుడు మిషెల్ ఫూకో 1975లో వెలువడిన తన గ్రంథంలో ఈ నమూనానే తీసుకుని, బడి, ఆసుపత్రి, కర్మాగారం కూడా ఇదే పద్ధతిలో మనుషులను తీర్చిదిద్దుతున్నాయని వివరించాడు.

2006లో ఇంగ్లండులోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక చిన్న ప్రయోగం ఫలితాలు ప్రకటించారు. టీ, కాఫీ తాగినవారు తామే డబ్బాలో డబ్బులు వేయాలి, అడిగేవారు ఉండరు. ధరల పట్టిక పైన కొన్ని వారాలు పూల బొమ్మ, కొన్ని వారాలు మనిషి కళ్ల బొమ్మ అంటించారు. కళ్ల బొమ్మ ఉన్న వారాల్లో దాదాపు మూడింతల డబ్బు పడింది. అవి కాగితం మీది కళ్లే! తరువాత ఇతరులు చేసిన ప్రయోగాల్లో అన్నిసార్లూ ఇదే ఫలితం రాలేదు గానీ, చూపుకు ఎంతో కొంత బలముందని ఉపాధ్యాయులకు ఎవరూ చెప్పనక్కరలేదు. పరీక్ష హాలులో వెనుక నిలబడితే చాలు, వీపులు నిటారుగా అవుతాయి.

అయితే ఆ చూపు మంచిపనులను పెంచినట్లే అవసరమైన ధైర్యాన్ని కూడా తగ్గిస్తుంది. మేము పనిచేసిన ఒక బడిలో తరగతి గదుల్లో కెమెరాలు పెట్టారు. అల్లరి తగ్గింది, నిజమే. కొన్ని వారాల తరువాత మరొకటి గమనించాం. తప్పు జవాబైనా సరే చెయ్యెత్తే పిల్లలు చెయ్యెత్తడం మానేశారు. “అర్థం కాలేదు సార్” అనే మాట వినబడటం తగ్గింది. మేమూ మారాం. పాఠం మధ్యలో కథ చెప్పే అలవాటు వదిలి, పుస్తకం పట్టుకుని నిలబడటం మొదలుపెట్టాం. తప్పు చేసే స్వేచ్ఛ లేనిచోట నేర్చుకోవడం కష్టం.

ఇది బడికి మాత్రమే పరిమితం కాదు. 2013లో ఎడ్వర్డ్ స్నోడెన్ అనే అమెరికా మాజీ గూఢచార ఉద్యోగి, తమ ప్రభుత్వం ప్రపంచమంతటా ఫోన్లు, ఇంటర్నెట్ సమాచారం ఎంత పెద్ద ఎత్తున సేకరిస్తోందో బయటపెట్టాడు. ఆ వార్తల తరువాత వికీపీడియాలో ఉగ్రవాదానికి సంబంధించిన వ్యాసాలు చదివేవారి సంఖ్య గణనీయంగా పడిపోయిందని 2016లో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది. ఆ వ్యాసాలు చదవడం ఏ చట్టప్రకారమూ తప్పు కాదు. ఎవరూ వద్దనలేదు. “చదివితే ఏమనుకుంటారో” అన్న సంకోచమే వారిని ఆపింది.

మన జిల్లాలోనే జరిగిన చరిత్ర

ఇదంతా కంప్యూటర్లతో వచ్చిన కొత్త సమస్య అనుకుంటే పొరపాటు. నెల్లూరుకు ఉత్తరాన ఉన్న కావలికి దీనితో సంబంధం ఉన్న చరిత్ర ఉంది.

బ్రిటిష్ ప్రభుత్వం 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. 1911 చట్టంతో అది మద్రాసు రాజధానికీ విస్తరించింది. ఒక వ్యక్తి నేరం చేశాడని రుజువు చేయనక్కరలేదు, ఫలానా కులంలో పుట్టడమే చాలు. అతని పేరు పోలీసు రిజిస్టరులో ఎక్కుతుంది, వేలిముద్రలు తీసుకుంటారు. చెప్పిన వేళకు హాజరు వేయించుకోవాలి. ఊరు దాటాలంటే అనుమతి కావాలి. మద్రాసు రాజధానిలో కొన్నిచోట్ల రాత్రి 11 గంటలకు ఒకసారి, తెల్లవారుజామున 3 గంటలకు మరోసారి హాజరు వేయించుకోవలసి వచ్చేది. కొన్ని కుటుంబాలను ప్రత్యేక సెటిల్‌మెంట్లలో ఉంచారు. ఎరుకల వారి కోసం ఇప్పటి బాపట్ల జిల్లాలో సాల్వేషన్ ఆర్మీ వారి స్టూవర్టుపురం, మన కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ వారి సెటిల్‌మెంటు అలా ఏర్పడినవే.

నెల్లూరు జిల్లాకే చెందిన వెన్నెలకంటి రాఘవయ్య గారు యానాదుల సేవలో జీవితం గడిపి, ఈ చట్టానికి వ్యతిరేకంగా పోరాడారు. మద్రాసు ప్రభుత్వం 1947లో దాన్ని రద్దు చేసింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది. కానీ రిజిస్టరు చెరిగినంత తేలికగా ముద్ర చెరగలేదు. ఎక్కడ దొంగతనం జరిగినా ముందు ఆ పేటల వైపే చూసే అలవాటు ఆ తరువాత కూడా చాలాకాలం సాగింది. చిన్నప్పటి నుంచి అనుమానంగా చూడబడిన పిల్లవాడు బడిలో వెనుక బెంచీలో ఎందుకు కూర్చుంటాడో మా వంటి ఉపాధ్యాయులకు తెలుసు.

జాబితాల చరిత్ర తెలిసినవారు కొత్త జాబితా తయారవుతుంటే ప్రశ్నించడం సహజం. ఆ ప్రశ్నను దేశద్రోహంగా చూడకూడదు, పాత పాఠం మరువకపోవడంగా చూడాలి.

న్యాయస్థానాలు ఏమన్నాయి?

ఈ విషయంలో తెలుగువారి పాత్ర గర్వించదగినది. ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఖరక్ సింగ్ మీద దోపిడీ కేసు పెట్టి, సాక్ష్యం లేక వదిలేశారు. అయినా పోలీసులు అతని పేర హిస్టరీ షీటు తెరిచి, అర్ధరాత్రి తలుపు తట్టేవారు, ఎక్కడికి వెళ్తున్నాడో కనిపెట్టేవారు. 1962 డిసెంబరులో సుప్రీంకోర్టు రాత్రిపూట ఇంటికి వెళ్లడం తప్పన్నది గానీ, గోప్యత ప్రాథమిక హక్కు కాదన్నది. ఆ తీర్పుతో విభేదించిన ఇద్దరు న్యాయమూర్తుల్లో ఒకరు కోకా సుబ్బారావు గారు. పోలీసు కన్ను వెంటాడుతున్న మనిషి కాళ్లకు సంకెళ్లు లేకపోయినా స్వేచ్ఛగా తిరుగుతున్నట్లు కాదని, మనసు మీద పడే ఒత్తిడి కూడా నిర్బంధమేనని ఆయన వాదన.

1980 చివర్లో మలక్ సింగ్, మరొకరి నిఘా రిజిస్టరు కేసులో మరో తెలుగు న్యాయమూర్తి ఓ. చిన్నప్పరెడ్డి గారు తీర్పు రాశారు. నేరనివారణకు నిఘా అవసరమే గానీ, తగిన కారణం లేకుండా ఎవరి పేరూ ఎక్కించరాదని, స్వేచ్ఛను, గౌరవాన్ని హరించేంతగా నిఘా ఉండరాదని అందులోని సారాంశం.

2004లో హైదరాబాదు జిల్లా రిజిస్ట్రారుకు, కెనరా బ్యాంకుకు మధ్య నడిచిన వ్యాజ్యం మనలాంటి సంస్థలకు ఇంకా దగ్గరది. స్టాంపుల చట్టానికి ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణతో అధికారి పంపిన ఎవరైనా బ్యాంకులోకి వచ్చి ఖాతాదారుల పత్రాలు తనిఖీ చేయవచ్చు. సుప్రీంకోర్టు ఆ సవరణను కొట్టివేసింది. గోప్యత మనిషికి చెందుతుందని, పత్రం బ్యాంకు చేతిలో ఉన్నంత మాత్రాన ఖాతాదారుడు దానిమీద గోప్యతను వదులుకున్నట్లు కాదని చెప్పింది. ఒక అవసరం కోసం నమ్మి ఇచ్చిన కాగితం మరో అవసరానికి వాడరాదన్న నీతి ఇందులో ఉంది.

చివరికి 2017 ఆగస్టు 24న, కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి గారి కేసులో 9 మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కేనని ప్రకటించింది. 55 ఏళ్ల కిందటి సుబ్బారావు గారి భిన్నాభిప్రాయమే నిలిచింది. ప్రభుత్వం ఆ హక్కులో జోక్యం చేసుకోవాలంటే చట్టం ఉండాలి, న్యాయమైన ప్రయోజనం ఉండాలి, ఆ ప్రయోజనానికి తగిన మోతాదులోనే జోక్యం ఉండాలి. మరుసటి ఏడాది సెప్టెంబరులో ఆధార్ తీర్పు వచ్చింది. పిల్లలను బడిలో చేర్చుకోవడానికి ఆధార్‌ను తప్పనిసరి చేయరాదని కూడా అందులో ఉంది.

వాదం ఇంకా ముగియలేదు. 2021 మే నెలలో లాక్‌డౌన్ సమయంలో హైదరాబాదు పాతబస్తీలో ఎస్.క్యూ. మసూద్ అనే సామాజిక కార్యకర్తను పోలీసులు ఆపి, మాస్కు తీయమని ఫోటో తీసుకున్నారు. ఆ ఫోటో ఎందుకు, ఎక్కడ దాస్తారు అని అడిగిన ఆయన, ముఖాన్ని గుర్తించే యంత్రాంగాన్నే సవాలు చేస్తూ తెలంగాణ హైకోర్టుకు వెళ్లారు. 2023లో పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం చేసింది. వివరాలు తీసుకునే ముందు ఎందుకో చెప్పి సమ్మతి తీసుకోవడం, పని పూర్తయ్యాక చెరిపివేయడం, 18 ఏళ్లలోపు పిల్లల విషయంలో తల్లిదండ్రుల అనుమతి, ఇవి అందులో ముఖ్యమైనవి. ప్రభుత్వానికి ఇచ్చిన మినహాయింపులు చాలా విశాలమన్న విమర్శ కూడా ఉంది.

“దాచడానికేమీ లేనివాడికి భయమెందుకు?”

ఈ మాట తరచూ వింటాం. పైగా విశ్వాసులకు అల్లాహ్ అంతా చూస్తున్నాడని తెలుసు కదా, మనిషి చూస్తే ఏమిటి అని కూడా కొందరు అడుగుతారు.

రెండు చూపులకూ చాలా భేదం ఉంది. అల్లాహ్ తన దాసుని లోపాలను చూసి కప్పి ఉంచేవాడు. పశ్చాత్తాపపడితే చెరిపేవాడు. కెమెరా చూసి దాస్తుంది, ఫోన్ చూసి పంచుతుంది, రెండింటికీ క్షమించడం తెలియదు. దివ్య ఖుర్‌ఆన్‌లోని అల్ హుజురాత్ సూరా ఒకరి రహస్యాలను ఒకరు కూపీ లాగడాన్ని నిషేధించింది. అన్ నూర్ సూరా ఇతరుల ఇంటిలోకి అనుమతి తీసుకుని, సలాం చెప్పి మాత్రమే ప్రవేశించమని నేర్పింది.

హజ్రత్ ఉమర్ (రజి.) గురించి పెద్దలు చెప్పే వృత్తాంతం ఒకటి ఉంది. ఖలీఫాగా రాత్రివేళ మదీనా వీధుల్లో తిరుగుతూ ఒక ఇంటినుంచి అనుమానాస్పదమైన శబ్దం విని, గోడ ఎక్కి లోపలికి దిగారు. అక్కడి మనిషి తప్పు చేస్తూ దొరికాడు. అతను భయపడకుండా, తాను ఒక తప్పు చేశాను గానీ ఖలీఫా మూడు చేశారన్నాడు: కూపీ లాగారు, వాకిలి వదిలి గోడ దూకారు, అనుమతి అడిగి సలాం చెప్పకుండానే లోపలికి వచ్చారు. ఉమర్ (రజి.) అతన్ని శిక్షించకుండా వెనుదిరిగారు. అంత గొప్ప పాలకుడు కూడా తన చూపుకు హద్దు ఉందని ఒప్పుకోవడం ఇందులోని నీతి.

ఇక దాచడానికేమీ లేదన్న మాట. ఆ రంజాన్ సంచి తీసుకోని తల్లి ఏ తప్పూ చేయలేదు. ఆమె దాచుకోవాలనుకున్నది తన పేదరికాన్ని. వ్యాధి, అప్పు, ఇంటి కలహం, పిల్లవాడి ఫెయిలు మార్కులు, ఇవేవీ నేరాలు కావు. అయినా వాటిని ఎవరితో చెప్పుకోవాలో నిర్ణయించుకునే హక్కు మనిషిదే. అదే గోప్యత.

మన సంఘం ముందున్న పని

దానధర్మాలు బహిరంగంగా చేసినా మంచిదే, గోప్యంగా పేదలకు అందిస్తే మరీ మంచిదని మన ధర్మం చెబుతుంది. కుడిచేయి ఇచ్చింది ఎడమచేతికి తెలియనంత గుట్టుగా ఇచ్చేవారి ఘనతను దైవప్రవక్త (స) బోధించారు. ఈ గోప్యత దాత వినయాన్ని కాపాడినట్లే తీసుకునేవారి మర్యాదనూ కాపాడుతుంది. అందుచేత ఈ కింది పద్ధతులు పాటించాలని మేము కోరుతున్నాం.

మొదటిది, సహాయం అందుకునేవారి ముఖాల ఫోటోలు తీయవద్దు. కట్టిన సంచులు, కొన్న కుట్టుమిషన్లు, దుకాణం రసీదులు ఫోటో తీస్తే చాలు. ఖర్చుకు లెక్క ఆడిటరు చూసిన పద్దులు చెబుతాయి. సందేహం ఉన్న దాత ఎప్పుడైనా వచ్చి ఆ పద్దులు చూడవచ్చు.

రెండవది, దరఖాస్తులో అవసరమైనవే అడగాలి. చట్టం కోరనిచోట ఆధార్ జిరాక్సు తీసుకోవద్దు. తప్పనిసరైతే చివరి 4 అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ తీసుకోవచ్చు. వితంతువులు, రోగులు, అప్పులపాలైనవారి జాబితాలు బీరువాలో తాళం వేసి ఉంచాలి, ఫోన్లలో తిప్పరాదు.

మూడవది, కెమెరాలు. 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన ప్రజా భద్రతా చట్టం ప్రకారం 100 మందికి తగ్గకుండా జనం చేరే సంస్థలు సీసీ కెమెరాలు పెట్టి, 30 రోజుల దృశ్యాలు భద్రపరచాలి. గేటు, ఆఫీసు, నగదు గది దగ్గర అవి ఉండవచ్చు. తరగతి గదిలో, స్త్రీల భాగంలో, కష్టం చెప్పుకోవడానికి వచ్చినవారు కూర్చునే గదిలో వద్దు. ఉన్నచోట ఉన్నట్లు బోర్డు పెట్టాలి. దృశ్యాలు ఎవరు చూడవచ్చో రాసిపెట్టుకోవాలి.

నాల్గవది, దాతల వివరాలు. పన్ను రాయితీ కోరినవారి పాన్ వంటి వివరాలను ఆదాయపు పన్ను శాఖకు ఇవ్వక తప్పదు. ఆ అవసరం దాటి ఎవరు ఎంత ఇచ్చారన్నది, వారు కోరితే తప్ప, ప్రకటించవద్దు. తక్కువ ఇచ్చినవారు సిగ్గుపడే పట్టిక ఏదీ మన గోడమీద ఉండకూడదు.

దాతలకు ఒక విన్నపం. మీ సొమ్ము ఎక్కడికి వెళ్లిందో అడగడం మీ హక్కు. అడగండి, లెక్క చూడండి, తప్పు ఉంటే నిలదీయండి. ఫోటో మాత్రం అడగకండి. మీరు అడగకపోతే మేము తీయం. మేము తీయకపోతే తలుపు తట్టడానికి సిగ్గుపడి ఆగిపోయినవారు కొందరైనా లోపలికి వస్తారు.

ఆ తల్లికి ఆ ఏడాది సంచి చీకటిపడ్డాక మేమే ఇంటికి చేర్చాం. ఫోటో తీయలేదు. సంతకానికి బదులు రిజిస్టరులో ఒక నంబరు రాసుకున్నాం. ఈ ఏడాది ఆమె తనంతట తానే ఆఫీసుకు వచ్చింది, తన కోసం కాదు, పక్కింటి వృద్ధురాలి పేరు చెప్పడానికి. “ఇక్కడ ఫోటోలు తీయరని చెప్పి ఒప్పించాను సార్” అంది.